దాచితే నిలవని విత్తనం

బీదరు జిల్లా హుమ్నాబాదు తాలూకాలోని ఒక ఊరు దుబల్గుండి. ఇది దక్కను పీఠభూమి మీద, మూడు రాష్ట్రాలు దగ్గరయ్యే చోట ఉంది. తూర్పుకు పోతే తెలంగాణ వస్తుంది. పడమటికి పోతే మహారాష్ట్ర వస్తుంది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని విభజించినప్పుడు పాత బీదరు జిల్లా మూడు పాళ్లయింది. బీదరు, హుమ్నాబాదు, భాల్కి మొదలైన తాలూకాలు అప్పటి మైసూరు రాష్ట్రంలో, అంటే నేటి కర్ణాటకలో చేరాయి. జహీరాబాదు, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌లో చేరి, 2014 నుంచి తెలంగాణలో ఉన్నాయి. ఉద్గీరు, నీలంగా వంటివి బొంబాయి రాష్ట్రానికి వెళ్లి, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నాయి. హద్దులు మారాయి కాని మనుషులు ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. వాళ్లతోపాటు వాళ్ల మాటలూ ఉండిపోయాయి. అందుకే ఈ ప్రాంతపు సంతలో ఒక్క కూరగాయకు ఎన్నో పేర్లు వినిపిస్తాయి.

ఆలుగడ్డ సంగతే చూడండి. కన్నడం మాట్లాడేవారు దాన్ని ఆలూగడ్డె అంటారు. ఉర్దూ మాట్లాడేవారు ఆలూ అంటారు. మరాఠీవారు బటాటా అంటారు. తెలుగువారిలోనే తెలంగాణవారికి అది ఆలుగడ్డ, కోస్తావారికి బంగాళాదుంప, రాయలసీమవారికి ఉర్లగడ్డ. ఇన్ని పేర్లున్న ఈ దుంప అసలు ఈ నేలది కాదు. అది దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో పుట్టింది. అక్కడి ప్రజలు దాన్ని వేల ఏళ్ల కిందటే సాగులోకి తెచ్చుకున్నారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థుల ద్వారా అది ఐరోపాకు చేరింది. తరువాత సముద్రం దాటి మన దేశానికి వచ్చింది. బటాటా అనే పేరు పోర్చుగీసువారు పశ్చిమ తీరంలో విడిచిపోయిన మాట. ఇంత దూరం నుంచి వచ్చిన దుంప నేడు మన పొయ్యి మీద ఎంత సొంతమైపోయిందో చెప్పనక్కరలేదు. ఆలుగడ్డ పండించే దేశాలలో చైనా తరువాతి స్థానం భారతదేశానిదే.

దుబల్గుండిలో ఇంట్లో తెలుగు మాట్లాడుకొనే ఒక కుటుంబం ఉంది. ఆ ఇంటికి పెద్ద దిక్కు అవ్వ. ఆమెకు చదువు రాదు. కాని విత్తనం విషయంలో ఆమెకు తెలియనిది లేదని ఇరుగుపొరుగు అంటారు. కోతల కాలంలో మంచి కంకులు ఏరి జొన్న విత్తనం తీస్తుంది. కందులు, పెసలు ఎండబోసి, వేపాకు కలిపి కుండలలో పోసి, మూతికి పేడమట్టితో మెత్తుతుంది. బీర, సొర, చిక్కుడు గింజలను బూడిదలో కలిపి గుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీస్తుంది. తొలకరి పడగానే ఎవరి ఇంట్లో ఏ విత్తనం లేకపోయినా అవ్వ దగ్గరికి వస్తారు. ఆమె చేటలో పోసి ఇస్తుంది. పంట వచ్చాక తిరిగి రెట్టింపు తీసుకుంటుంది. విత్తనానికి అంగడికి పోవడమంటే ఆమెకు చిన్నతనం. ఇల్లు నడిచినంత కాలం విత్తనం ఇంట్లోనే ఉండాలని ఆమె నమ్మకం.

ఆ ఇంటి పెరట్లోకి ఆలుగడ్డ రావడానికి కారణం అవ్వ మనుమరాలు. ఒక ఏడు దీపావళి ముందర వంటింటి మూల బుట్టలో మిగిలిన ఆలుగడ్డలకు మొలకలు వచ్చాయి. పారవేయబోతుంటే పిల్ల అడ్డుపడింది.

"అవ్వా, ఇవి నాటుదమా? దీనికి గింజలేడ ఉంటయి?" అని అడిగింది.

"గింజ ఎందుకు బిడ్డా? గడ్డే విత్తనం. దీనికి కండ్లున్నయి చూడు. కన్నున్న కాడల్లా మొలక వస్తది," అంది అవ్వ.

అవ్వ చెప్పిన మాటలో శాస్త్రం ఉంది. ఆలుగడ్డ మట్టిలో ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని వేరు అనుకుంటారు. ముల్లంగి, క్యారెట్ వేర్లే. ఆలుగడ్డ మాత్రం వేరు కాదు, కాండం. మొక్క మొదలు నుంచి మట్టిలోకి తెల్లని తీగలు సాగుతాయి. వాటి కొనలు పిండిపదార్థంతో ఉబ్బి గడ్డలవుతాయి. గడ్డ మీద ఉండే కన్ను ఒక మొగ్గ. చెట్టు కొమ్మ మీద ఉండే మొగ్గ ఎలా చిగురిస్తుందో, ఈ కన్ను అలాగే చిగురిస్తుంది. గింజ నుంచి వచ్చే మొక్కలో తల్లి గుణం, తండ్రి గుణం కలుస్తాయి. కంటి నుంచి వచ్చే మొక్క మాత్రం అచ్చంగా తల్లి గడ్డ వంటిదే. తల్లికి ఉన్న మంచి గుణం బిడ్డకు వస్తుంది. తల్లికి ఉన్న తెగులూ బిడ్డకు వస్తుంది.

పెరట్లో రెండు గజాల వెడల్పు, నాలుగు గజాల పొడవు ఉన్న చోటును అవ్వ ఎంచుకుంది. వంకాయ, టమాటా, మిరప పెరిగిన పక్క మడిని ఆమె వద్దంది. ఆ మూడూ ఆలుగడ్డకు దాయాదులు. ఒకే కుటుంబపు మొక్కలు కావడంతో ఒకదాని తెగులు మట్టిలో మిగిలి మరొకదానికి అంటుకుంటుంది. ఆ పేరు తెలియకపోయినా, వంగ వేసిన చోట మళ్లీ వంగ వేస్తే చేటు అని అవ్వకు అనుభవం నేర్పింది. నేలను లోతుగా తవ్వించి, చివికిన పశువుల ఎరువు కలిపింది. ఆలుగడ్డకు గుల్ల నేల కావాలి. నీరు నిలిచే బంకమట్టిలో గడ్డ ఊరదు, కుళ్లుతుంది.

మొలకెత్తిన గడ్డలు కొన్నే ఉండడంతో, పిల్ల తండ్రి హుమ్నాబాదు నుంచి మరికొన్ని తెచ్చాడు. మొత్తం రెండు కిలోలకు పైగా అయ్యాయి. అవ్వ ఒక్కొక్క గడ్డను నిలువుగా కోసింది. ప్రతి ముక్కకూ రెండు మూడు కండ్లు ఉండేటట్లు చూసింది. ముక్క మరీ చిన్నదైతే మొలకకు మొదట తినడానికి తిండి ఉండదు. కోడిగుడ్డులో పిల్లకు తిండి ఉన్నట్లే గడ్డలో మొలకకు తిండి ఉంటుంది. కోసిన ముక్కలకు పొయ్యిలోని బూడిద అద్ది, ఒక రోజు నీడలో ఆరబెట్టింది. కోత మీద పొర కట్టిన తరువాతనే నాటింది. రెండడుగుల ఎడంతో మూడు సాళ్లు తీసి, జానెడు దూరానికి ఒక ముక్క చొప్పున, కన్ను పైకి ఉండేటట్లు పెట్టి మట్టి కప్పించింది. 54 ముక్కలు పట్టాయి. పిల్ల వాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంది.

బీదరు ప్రాంతంలో ఈ పనికి తగిన కాలం దీపావళి తరువాతే. ఆలుగడ్డ చలిని కోరే పంట. పగలు ఎండ, రాత్రి చలి ఉంటే ఆకు చేసిన ఆహారం గడ్డలోకి దిగుతుంది. రాత్రి వేడిగా ఉంటే ఆకులు ఏపుగా పెరుగుతాయి కాని కింద గడ్డ ఊరదు. వేసవిలో ఇక్కడ పాదరసం 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఈ పంట సాగదు. అందువల్ల దీపావళికి, శివరాత్రికి మధ్య ఉన్న చలికాలమే దీనికి దక్కిన సమయం.

పది పదిహేను రోజులలో మొలకలు నేలను చీల్చుకొని వచ్చాయి. నెల నిండేసరికి మొక్కలు జానెడు పైన ఎదిగాయి. అప్పుడు అవ్వ రెండు వైపుల మట్టిని మొదళ్లకు ఎగదోయించి బోదెలు కట్టించింది. ఈ పని తప్పనిసరి. గడ్డలు నేలపైకి తేలితే వాటికి ఎండ సోకుతుంది. ఎండ సోకిన గడ్డ పచ్చబడుతుంది. ఆ పచ్చదనంతోపాటు సోలనిన్ అనే చేదు విషం కూడా పెరుగుతుంది. పచ్చబడిన గడ్డ తింటే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. ఉడికించినా ఆ విషం పోదు. మొలకలలోనూ, ఆకులలోనూ, పూత తరువాత కాసే చిన్న ఆకుపచ్చ కాయలలోనూ అది ఉంటుంది. అందుకే మేకను ఆ మడి దగ్గరికి రానీయలేదు. కాయలు ముట్టవద్దని పిల్లకు ముందే చెప్పారు.

దీపావళి అమావాస్య తరువాత రెండో అమావాస్యకు ఈ ప్రాంతపు రైతులు ఎళ్ల అమావాస్య చేసుకుంటారు. ఆనాడు ఇంటిల్లిపాదీ సజ్జరొట్టెలు, కాయగూరలు పప్పుగింజలు కలిపి వండిన భజ్జి, అంబలి పట్టుకొని చేనుకు పోతారు. భూమితల్లికి పెట్టి, తామూ తిని వస్తారు. ఆ పండుగ నాటికి పెరట్లో ఆలుగడ్డ మొక్కలు మోకాలి ఎత్తున నిలిచి ఉన్నాయి. కొన్నింటికి తెల్లని పూలు పూశాయి. కింద ఏముందో చూడాలని పిల్లకు తహతహ. ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు ఒక మొక్కను పెరికి చూసింది. తెల్లని తీగలకు గోలీలంత గడ్డలు నాలుగు వేలాడుతున్నాయి. మొక్కను తిరిగి గుంటలో పెట్టి నీరు పోసింది. మరునాటికి అది వాడిపోయింది.

అవ్వ అది చూసి కోప్పడలేదు. "మట్టి కింద పనికి మనం ఓపిక పట్టాలె బిడ్డా. కండ్లకు కనబడక పోతే పని జరుగుతలేదనుకోవద్దు," అని మాత్రం అంది. ఆ వాడిన మొక్క చోటు పంట తీసేదాకా ఖాళీగానే ఉంది. పిల్ల పుస్తకంలో 54ను కొట్టివేసి 53 అని రాసింది.

రథసప్తమి నాటికి ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. పది రోజుల ముందుగానే నీరు ఆపేశారు. తడి లేకపోతే గడ్డ మీది తోలు ముదురుతుంది. పాదులోనుంచి పై తీగలు కోసివేసి, మరి కొన్నాళ్లు ఆగి, ఒక ఉదయం తవ్వకం మొదలుపెట్టారు. గునపం గడ్డకు తగలకుండా మొక్కకు దూరంగా దించాలి. దెబ్బ తగిలిన గడ్డ నిలవ ఉండదు. మట్టి విడిపోతుంటే ఒక్కొక్క మొక్క కింద ఐదు, ఆరు గడ్డలు బయటపడ్డాయి. అన్నీ కలిపి తూచితే 16 కిలోలయ్యాయి. నాటినదానికి ఇది ఏడెనిమిది రెట్లు.

ఆ మధ్యాహ్నం వంట పెద్ద పండుగే. అప్పుడే తవ్విన గడ్డల తోలు పలుచగా ఉంటుంది. పీటతో, కత్తితో పని లేదు, గోనెగుడ్డతో రుద్దితే పోతుంది. చిన్న గడ్డలను పిల్లలు పొయ్యి నిప్పుల కింద బూడిదలో పూడ్చి కాల్చుకున్నారు. పగులదీసి ఉప్పు, కారం చల్లుకొని ఊదుకుంటూ తిన్నారు. పెద్ద గడ్డలను పిల్ల తల్లి తోలుతోనే ఉడకబెట్టింది. ఆలుగడ్డలో నాలుగింట మూడు పాళ్లకు పైగా నీరే. మిగిలినదానిలో పిండిపదార్థం ఎక్కువ. విటమిన్ సి, పొటాషియం కూడా ఉంటాయి. తోలు తీసి కోసి నీటిలో ఉడికిస్తే విటమిన్ సి చాలావరకు నీటిలోకి దిగిపోతుంది. తోలుతో ఉడికిస్తే ఆ నష్టం తగ్గుతుంది.

ఉడికిన గడ్డలను చేత్తోనే చిదిపి, నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు పెట్టి, ఉల్లిపాయ ముక్కలు వేగాక పసుపు, ఉప్పు వేసి అందులో కలిపింది. దింపే ముందు వేయించిన పల్లీల పొడి, కొత్తిమీర చల్లింది. పెరటి మెంతికూరతో మరొక కూర చేసింది. వేడివేడి జొన్నరొట్టెతో అందరూ తిన్నారు. అంగడి గడ్డతో చేసిన కూరకు, ఈ కూరకు తేడా ఉందని పిల్ల తండ్రి అన్నాడు. అది ఇంటి పంట మీద ప్రేమ మాత్రమే కాదు. అతిశీతల గిడ్డంగిలో నెలల తరబడి ఉన్న గడ్డలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అందువల్ల అది కొద్దిగా తియ్యబడుతుంది. నూనెలో వేస్తే త్వరగా నల్లబడుతుంది. కొత్త గడ్డలో ఆ తీపి ఉండదు. ముక్క చెదరకుండా కూరలో నిలుస్తుంది.

పంటను అవ్వ మూడు పాళ్లు చేసింది. నాలుగు కిలోలు ఇరుగుపొరుగుకు పంచింది. కన్నడం మాట్లాడే పక్కింటికి, ఉర్దూ మాట్లాడే ఎదురింటికి, అందరికీ చేటలో పెట్టి పంపింది. పది కిలోలు ఇంటి తిండికి ఉంచింది. మిగిలిన రెండు కిలోలలో మచ్చ లేని, గుండ్రని, మధ్యరకం గడ్డలను ఏరింది.

"మంచివన్నీ మనమే తింటే వచ్చే ఏడు నేలకు ఏం పెడతం?" అంది. వాటిని ఇసుక పరిచిన కుండలో వేసి, ఇంటిలో అన్నింటికంటే చల్లని చీకటి మూలలో పెట్టింది. కంది విత్తనం దాచిన చేతికి ఇది కొత్త పని కాదనుకుంది.

కాని ఉగాది దాటేసరికి గడ్డల కండ్లు మేల్కొన్నాయి. వైశాఖంలో మొలకలు తెల్లగా, సన్నగా జానెడు సాగాయి. గడ్డలు ముడుతలు పడి మెత్తబడ్డాయి. కొన్ని కుళ్లి దుర్వాసన వేశాయి. కొన్నింటిని పురుగు తొలిచింది. మొదటి వాన పడే నాటికి కుండలో నాటడానికి పనికివచ్చే గడ్డ ఒక్కటీ మిగలలేదు. దీపావళి ఇంకా ఐదు నెలల దూరంలో ఉంది. అవ్వ ఆ కుండను దిబ్బ మీద బోర్లించి వచ్చి, ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. జొన్న, కంది, బీర, చిక్కుడు అన్నీ ఆమె చెప్పుచేతలలో ఉండగా, ఈ గడ్డ మాత్రం ఆమె మాట వినలేదు.

ఆమె చేతిలో లోపమేమీ లేదు. ఎండిన గింజకు, ఆలుగడ్డకు ఉన్న తేడాయే దీనికి కారణం. ఎండిన గింజలో నీరు చాలా తక్కువ. అందులో జీవం దాదాపు నిద్రలో ఉంటుంది. చెమ్మ తగలకుండా చూస్తే ఏడాది, రెండేళ్లు నిద్రపోతుంది. ఆలుగడ్డ అలా కాదు. అది నీటితో నిండిన పచ్చి కాండం. తవ్విన తరువాత కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. సాధారణంగా రెండు మూడు నెలలు మాత్రమే దాని మొగ్గలు నిద్రపోతాయి. తరువాత మేల్కొంటాయి. వేడి ఎంత ఎక్కువైతే అంత త్వరగా మేల్కొంటాయి. మాఘంలో తవ్విన గడ్డ కార్తికం వరకు ఆగాలంటే ఎనిమిది తొమ్మిది నెలలు గడవాలి. బీదరు ఎండలో అది అసాధ్యం. 2 నుంచి 4 డిగ్రీల చలి ఉండే గిడ్డంగిలో మాత్రమే విత్తనపు గడ్డ అంతకాలం నిలుస్తుంది.

ఈ కష్టం ఒక్క దుబల్గుండి పెరటిది కాదు. కర్ణాటకలో ఆలుగడ్డకు పేరుపొందిన హాసన్ జిల్లా రైతులు కూడా విత్తనాన్ని పంజాబులోని జలంధర్ వైపు నుంచి తెప్పించుకుంటారు. బీదరుకు పక్కనే ఉన్న జహీరాబాదు ప్రాంతంలో చలికాలంలో ఆలుగడ్డ పొలాలు కనిపిస్తాయి. అక్కడికీ విత్తనం ఉత్తరాది నుంచే వస్తుంది. ఒకప్పుడు మంచి విత్తనం కొండ ప్రాంతాలలోనే తయారయ్యేది. మైదానాలలో పేనుబంక అనే చిన్న పురుగు ఒక మొక్క రసం పీల్చి మరొక మొక్క మీద వాలుతూ వైరస్ తెగుళ్లను వ్యాపింపజేస్తుంది. తల్లి గడ్డ తెగులు పిల్ల గడ్డకు వస్తుంది కనుక విత్తనం ఏటేటా బలహీనపడుతుంది. ఉత్తరాది మైదానాలలో శీతకాలపు మొదటి నెలలలో పేనుబంక తక్కువగా ఉంటుందని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గమనించారు. ఆ సంస్థ 1949లో పాట్నాలో ప్రారంభమై 1956లో సిమ్లాకు మారింది. ఆ కొద్ది నెలలలోనే విత్తనపు పంట పండించి, పురుగు పెరగకముందే తీగలు కోసివేసే పద్ధతిని పుష్కర్‌నాథ్ అనే శాస్త్రవేత్త రూపొందించారు. దానితో మైదానాలలోనే ఆరోగ్యమైన విత్తనం తయారుచేయడం సాధ్యమైంది. సిమ్లా దగ్గరి కుఫ్రి అనే చోటు పేరు మన దేశపు ఆలుగడ్డ రకాలకు ఇంటిపేరైంది. కుఫ్రి జ్యోతి, కుఫ్రి చంద్రముఖి, వేడిని కొంత తట్టుకొనే కుఫ్రి సూర్య అటువంటివే.

మరి గిడ్డంగులు, పరిశోధన సంస్థలు లేని రోజులలో ఆండీస్ ప్రజలు ఈ విత్తనాన్ని వేల ఏళ్లు ఎలా నిలుపుకున్నారు? వాళ్లకు కొండల చలి తోడు. రాత్రి మంచులో గడ్డలను గడ్డకట్టించి, పగలు ఎండలో తొక్కి నీరు పిండి, చున్యో అనే ఎండు ఆలుగడ్డను తయారుచేసేవారు. అది ఏళ్ల తరబడి తిండికి నిలిచేది. కాని చున్యో మొలకెత్తదు. తిండిని దాచగలిగారు కాని విత్తనాన్ని మాత్రం ఏటా నాటుతూనే ఉండవలసి వచ్చింది. ఒక్క పొలంలోనే ఎర్రవి, నల్లవి, పొడుగువి, గుండ్రనివి ఎన్నో రకాలు కలిపి నాటేవారు. ఒక రకం చెడితే మరొకటి మిగులుతుందని వాళ్ల ఆలోచన. పెరూ రాజధాని లీమాలో 1971లో అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం ఏర్పడింది. అందులో 4,000కు పైగా ఆలుగడ్డ రకాలను కాపాడుతున్నారు. అవన్నీ మొదట పేద రైతులు తమ చేతులతో ఏటేటా నాటి నిలిపినవే.

ఆ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో ఐర్లండు దేశం చూసింది. అక్కడి పేదలకు ఆలుగడ్డే అన్నం. అందులోనూ లంపర్ అనే ఒక్క రకాన్నే ఎక్కువమంది నాటేవారు. ఆ గడ్డలన్నీ ఒకే తల్లి పోలికవి. 1845లో ఆకుమాడు తెగులు వచ్చింది. ఒక మొక్క తట్టుకోలేని తెగులును ఏ మొక్కా తట్టుకోలేకపోయింది. పొలాలు నల్లబడి, గడ్డలు మట్టిలోనే కుళ్లాయి. ఆ తరువాతి కొన్నేళ్లలో దాదాపు 10 లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. అంతకు తగ్గని సంఖ్యలో ప్రజలు ఓడలెక్కి దేశం విడిచిపోయారు. పంటలు చెడిన ఆ కాలంలోనూ దేశం నుంచి ధాన్యం ఎగుమతి కావడం, ప్రభుత్వ సహాయం చాలకపోవడం ఆ కష్టాన్ని మరింత పెంచాయి.

దుబల్గుండి పెరట్లో మరుసటి ఏడు దీపావళి వచ్చింది. అవ్వ ఆ మడి వైపు చూడనేలేదు. కొన్న విత్తనం పెరట్లో పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. పిల్ల మాత్రం పట్టు విడవలేదు. తాను రాసుకున్న పుస్తకం తెచ్చి చదివి వినిపించింది. ఏ రోజు కోసింది, ఎంత బూడిద అద్దింది, ఎంత దూరానికి నాటింది, ఎప్పుడు మట్టి ఎగదోసింది, ఎప్పుడు నీరు ఆపింది అన్నీ అందులో ఉన్నాయి. అవ్వ చెప్పిన మాటలు చెప్పినట్లే ఉన్నాయి.

"గడ్డ కుళ్లిపోయింది కాని అవ్వా, నీ తెలివి కుళ్లలేదు గద!" అంది పిల్ల.

అవ్వ నవ్వింది. కొడుకును పిలిచి, ఈసారి జహీరాబాదు వైపు పోయి రెండు రకాల విత్తనపు గడ్డలు తెమ్మంది. ఒక్క రకం వద్దని గట్టిగా చెప్పింది. ఐర్లండు పేరు ఆమె వినలేదు. చేనులో జొన్నతో కందిని కలిపి చల్లే రైతుకు ఆ బుద్ధి ఒకరు చెప్పనక్కరలేదు. పోయిన ఏటి మడిని చిక్కుడుకు వదిలి, కొత్త మడి తవ్వించింది. పక్కింటివారికీ, ఎదురింటివారికీ తలా కొన్ని ముక్కలు ఇచ్చి, నాటే పద్ధతి చూపింది. ఈసారి ముక్కలు కోసింది పిల్ల. కన్ను తెగకుండా కత్తి ఎక్కడ దించాలో అవ్వ పక్కన కూర్చొని చెప్పింది.

విత్తనం ఇంట్లో ఉండాలన్న అవ్వ నమ్మకం గొప్పదే. దాని వల్లనే ఆ ఊళ్లో ఎన్నో పాత గింజలు నిలిచాయి. కాని లోకంలో రెండు రకాల సంపదలున్నాయి. కుండలో పోసి మూతి మెత్తితే నిలిచేవి కొన్ని. కాలం రాగానే మట్టిలో పెట్టి, నీరు పోసి, పదిమందికి పంచి, మళ్లీ తవ్వుకుంటేనే నిలిచేవి కొన్ని. ఆలుగడ్డ రెండో రకానికి చెందింది. దాన్ని నిలపడానికి ఒక్క ఇంటి చేయి చాలదు. ఆండీస్ రైతు, సిమ్లా శాస్త్రవేత్త, పంజాబు పొలంలో కూలి, హుమ్నాబాదు అంగడివాడు, పెరట్లో అవ్వ, అందరి చేతులూ కలవాలి. ఒక్కచోట చేయి ఆగినా ఆ ఏడు పంట ఉండదు.

మనం మాట్లాడే భాష కూడా ఈ రెండో రకం సంపదే. కన్ను, సాలు, బోదె, ఎగదోయడం వంటి మాటలు ఆ పిల్లకు పెరట్లో పని చేస్తుంటే వచ్చాయి. చుట్టూ కన్నడం, ఉర్దూ, మరాఠీ వినిపించే ఊళ్లో తెలుగు మాట నిలవాలంటే దాన్ని చీకటి మూలలో దాచితే సరిపోదు. నలుగురిలో పలకాలి, రాయాలి, పక్కవారి మాటలతో కలిసి మెలగనివ్వాలి. వాడితే మాట నిలుస్తుంది. వాడకపోతే అదే వాడిపోతుంది.